పంచరు కాదండీ, లీకు!

అబ్బులు ఆ వేళ "పంచరు" అని ఉంటే ఈ కథే ఉండేది కాదు. చక్రం పంచర్లు వేసే సుభానీ కొట్టుకి వెళ్లేది, పావుగంటలో తిరిగొచ్చేది, కంట్రోలర్ గారు ఎప్పటిలాగే ఒంటిగంటకు భోజనానికి ఇంటికి వెళ్లేవారు. కానీ అబ్బులు పంతొమ్మిదేళ్లుగా చక్రాలతో కాపురం చేస్తున్న డ్రైవరు. చిల్లు పడి గాలి పోతే పంచరు, చిల్లు లేకుండా గాలి పోతే లీకు, ఈ రెండూ వేరని తెలిసినవాడు. తెలిసినవాడికి తెలియనట్టు మాట్లాడటం చేతకాదు. పాపం, అదే అతని కొంప ముంచింది.

అతను పనిచేసేది ప్రాంతీయ పరీక్షల కార్యాలయంలో. కాలవ గట్టున పసుపు రంగు మేడ, మేడ ముందు పోర్టికో, పోర్టికోలో తెల్లకారు, కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అబ్బులు. అంతకు ముందు ఏడాది ఆ శాఖలో ఒక ప్రశ్నపత్రం లీకైంది. ఏ పేపరో, ఎక్కడ లీకైందో మనకనవసరం. శాఖవారికే అనవసరమైపోయింది. ఒక సంఘం వేశారు. సంఘం నాలుగు జిల్లాలు తిరిగి, ఊరూరా పూతరేకులు రుచి చూసి, ఎనిమిది వందల పేజీల నివేదిక రాసింది. లీకులు మిక్కిలి విచారకరమని అందులో తేలింది. ఆ విచారంలోంచి ఒక సర్క్యులరు పుట్టింది.

"ఇకమీదట ఈ శాఖ ఆధీనంలోని ఏ ఆవరణయందు గానీ, ఏ వస్తువు నుండి గానీ, ఏ పరిమాణంలో గానీ లీకు సంభవించినట్లు తెలియవచ్చిన యెడల, సదరు వస్తువును తక్షణమే సీలు చేసి స్ట్రాంగ్ రూమునందు భద్రపరచవలెను. లీకునకు కారకుడైన వ్యక్తిని గుర్తించు పర్యంతము దానిని ఎవ్వరూ తాకరాదు."

'ఏ వస్తువు నుండి గానీ' అని రాసినాయన ప్రశ్నపత్రాల కవర్లనూ, పెట్టెలనూ, జెరాక్సు మిషన్లనూ మనసులో పెట్టుకుని రాశాడు. మనసులోది టైపు కొట్టరు గదా. ఆఫీసువాళ్లు వారం రోజుల్లో సర్దుకుపోయారు. వరండాలో కుళాయి మూడు నెలలుగా కారుతోంది. దాన్ని "ఉదారంగా ఉంది" అంటారు. రికార్డు రూము కప్పు వానాకాలంలో "చల్లగా ఉంటుంది". సూపరింటెండెంట్ భ్రమరాంబగారి క్యారేజీలోంచి సాంబారు కారి రెండు ఫైళ్లు తడిసిన రోజున, "పదార్థము స్వయముగా స్థలము మారినది" అని ఆవిడ రాసి సంతకం పెట్టారు. లీకు అన్న మాట ఆ మేడలో వినబడి పదకొండు నెలలైంది. ఈ జాగ్రత్త అందరికీ చెప్పారు, అబ్బులికి తప్ప. సర్క్యులరు రెగ్యులర్ ఉద్యోగులకు మాత్రమే ఇచ్చారు. అబ్బులు కాంట్రాక్టు మనిషి.

నిజానికి అతని తాపత్రయం అంతా ఆ కాంట్రాక్టు గురించే. పదిహేనేళ్లు దాటిన కాంట్రాక్టు సిబ్బందిని పర్మినెంటు చేసే జాబితా ఆ నెల ముప్పయ్యో తారీకున వెళ్తుంది. షరతు ఒకటే, మనిషి మీద ఏ విచారణా ఉండకూడదు. ఇదివరకు రెండుసార్లు జాబితా వెళ్లింది. మొదటిసారి అబ్బులికి ఒక రోజు సర్వీసు తక్కువైంది. రెండోసారి అన్నీ సరిపోయాయి గానీ జాబితాయే కనబడలేదు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇక జన్మలో అవదు. భార్య సత్యవేణి అప్పుడే వీధిలో అందరికీ చెప్పేసింది కూడాను.

పదో తారీకు పొద్దున్న అతను లోపలికొచ్చి భ్రమరాంబగారి బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడంగారండీ, కారుకి వెనకాల ఎడం చక్రం గాలి దిగిపోతందండి. సుభానీ కొట్టుకి తీసుకెళ్లి వచ్చేత్తానండి."

"పంచరా?" తల ఎత్తకుండానే అడిగారావిడ. పంచరు అని రాయడానికి కలం కూడా ఆనించారు.

"పంచరు కాదండీ. లీకండి."

గదిలో ఇరవై కలాలు ఆగిపోయాయి. ఒక్క ఫ్యాను మాత్రం తిరుగుతోంది. భ్రమరాంబగారు మంచి మనిషి, తల ఎత్తి అబ్బులి కళ్లలోకి చూసి, చంటిపిల్లాడికి అన్నం తినిపిస్తున్నట్టు మెల్లిగా అన్నారు:

"సరిగ్గా చూసుకో అబ్బులూ. పంచరే అయ్యుంటుంది."

"అయ్యో, నాకు తెల్దేటండీ! లీకేనండి. పంచరైతే మేకో ముల్లో ఉండాల గదండి. చక్రమంతా తడిమి చూశాను. ఇది సన్న లీకండి. సాయంత్రం గాలి కొడితే పొద్దుటికి నాలుగైదు పాయింట్లు దిగిపోతందండి."

మూడుసార్లు అనేశాడు. ఇరవైమంది విన్నారు. విన్నాక విననట్టుండటం సర్క్యులరు నాలుగో పేరా ప్రకారం నేరం. భ్రమరాంబగారు కలానికి క్యాపు పెట్టి, నిట్టూర్చి, కంట్రోలర్ గారి గదిలోకి నడిచారు.

కంట్రోలర్ పురుషోత్తమరావు గారు ఆకారంలో భారీ మనిషి, మాటలో ఇంకా భారీ. మంచినీళ్లు కావాలన్నా "దాహనివృత్తికి తగు చర్యలు చేపట్టండి" అంటారు. అబ్బులిని ఎదురుగా నిలబెట్టి సర్క్యులరు రెండుసార్లు చదివారు.

"లీకు ఎప్పటి నుండి సంభవించుచున్నది?"

"నాలుగు రోజుల్నించండి."

"నాలుగు దినములు గోప్యముగా ఉంచితివి."

"గోప్యం కాదండి, గాలి కొట్టుకుంటా నడిపేశానండి."

"సన్న లీకు అనగానేమి?"

"నెమ్మదిగా పోయేదండి. ఒక్కసారే పోదండి."

"అనగా పథకం ప్రకారము," అని రాసుకున్నారు కంట్రోలర్ గారు.

"అయ్యగారండీ, సుభానీ దగ్గరికెళ్తే రెండు నిమిషాల్లో అయిపోద్దండి..."

"బయటివారి ప్రమేయము," అని అది కూడా రాసుకున్నారు.

మధ్యాహ్నానికల్లా చక్రం విప్పించారు. స్టెపినీ వేసి కారు తిరగనిచ్చారు, దాని మీద ఎలాంటి ఆరోపణా లేదు కనుక. విప్పిన చక్రాన్ని ముతక గాడా గుడ్డలో చుట్టి, ట్వైను దారంతో కట్టి, పదకొండు చోట్ల లక్క సీళ్లు వేశారు. మీద "అత్యంత గోప్యం" అని రాసి, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య దొర్లించుకుంటూ స్ట్రాంగ్ రూములోకి తీసుకెళ్లారు. వారంలో జరగబోయే పరీక్షల ప్రశ్నపత్రాల పెట్టెలున్నది ఆ గదిలోనే. లెక్కల పేపరు పెట్టెకీ సాంఘికశాస్త్రం పెట్టెకీ మధ్య చక్రాన్ని ఆనించి తలుపు వేశారు.

లీకు తీవ్రతను అంచనా వేయడానికి ముగ్గురు సభ్యుల సంఘం ఏర్పడింది. గుడ్డలో వాల్వు దగ్గర రూపాయంత కంత కత్తిరించి, రోజుకు మూడుసార్లు గేజీ పెట్టి చూసి, ముగ్గురూ సంతకాలు చేసేవారు. మొదటిపూట ఇరవయ్యెనిమిది పాయింట్లు ఉంది. మర్నాటికి ఇరవైమూడు. గేజీ పెట్టిన ప్రతిసారీ తుస్సుమని కొంచెం గాలి సంఘం ముఖాన కొట్టేది. అది కూడా లీకు కిందే జమ చేశారు. మూడోరోజుకి పన్నెండుకి దిగింది. సంఘం ఎంత శ్రద్ధగా చూస్తే అంత త్వరగా దిగుతోందని ఎవరికీ తోచలేదు. తోచిన అబ్బులిని ఆ గుమ్మం దరిదాపులకు రానివ్వడం లేదు.

నాలుగోరోజు కంట్రోలర్ గారు రాజధానికి సందేశం పంపారు: "స్ట్రాంగ్ రూమునందు లీకు కొనసాగుచున్నది. కారకుడు తెలియరాలేదు. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉన్నది." ఇందులో ఒక్క అబద్ధం లేదు. చక్రం అన్న మాట ఎందుకు లేదంటే, గోప్యమైన వస్తువు పేరు సందేశాల్లో రాయకూడదని నిబంధన. మర్నాడు ఆ సందేశం పేపర్లో మొదటి పేజీలో పడింది. అది ఎలా బయటికెళ్లిందన్న దాని మీద విచారణ అక్కర్లేకపోయింది, ఎందుకంటే పేపరువాళ్లు దాన్ని లీకు అనకుండా "విశ్వసనీయ సమాచారం" అన్నారు. పదింటికల్లా గేటు ముందు రెండొందల మంది తల్లిదండ్రులు చేరారు. పన్నెండింటికి పరీక్షలు వాయిదా పడ్డాయి. సాయంత్రానికి ప్రత్యేక విచారణాధికారిని నియమించినట్టు ఉత్తర్వు వచ్చింది.

ఆయన పేరు నిరంజనంగారు. లీకుల మీద మూడు సదస్సుల్లో ప్రసంగించిన మేధావి. ఇంతవరకు ఒక్క లీకునూ కళ్లారా చూడలేదు గనక ఈ అవకాశానికి ఎంతో సంతోషించారు. అరవైనాలుగు ప్రశ్నల అచ్చు ఫారం పట్టుకుని దిగారు. ప్రశ్నపత్రాల కోసం తయారైన ఫారమే, మార్చే అధికారం తనకు లేదని ముందే చెప్పారు.

"లీకైనది అసలా, నకలా?"

"అసలేనండి," అన్నాడు అబ్బులు.

"ఎక్కడ కొట్టించారు?"

"సుభానీ కొట్లోనండి."

"ప్రైవేటు వ్యక్తి దగ్గర కొట్టించారు," నిరంజనంగారి ముఖం వెలిగింది. "ఎన్ని కాపీలు?"

"కాపీలేటండి, గాలండి అది!"

"ఎన్ని?"

"ముప్పయ్యి దాకా కొడతాడండి."

ముప్పై అని రాసుకున్నారు. "లీకైన సరుకు ఎవరెవరికి చేరింది?"

"ఎవరికి చేరుద్దండి? గాల్లో కలిసిపోయిందండి."

నిరంజనంగారు కలం ఆపి కిటికీలోంచి చాలాసేపు చూశారు. ఇంత విస్తృతమైన పంపిణీ ఆయన అనుభవంలో లేదు. చివరికి 'లబ్ధిదారులు' అన్న కాలమ్‌లో "పీల్చినవారందరూ" అని రాశారు. హాజరుపట్టీ తెప్పించి, ఆ నాలుగు రోజులూ ఆవరణలో ఉన్న నలభైముగ్గురి పేర్లూ ఎక్కించారు. భ్రమరాంబగారు ఆ వారమంతా తనకు జలుబని, ముక్కు దిబ్బడేసి ఉందని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చి పేరు తీయించుకున్నారు. లబ్ధిదారులను మూడేళ్లు డిబారు చేయాలన్నది నిబంధన. గాలి పీల్చినవాళ్లను దేని నుంచి డిబారు చేయాలన్నది తేలక, ఆ ఒక్క అంశం న్యాయసలహాకు వెళ్లింది.

ఆఖరి కాలమ్ 'కారకుని పేరు, తండ్రి పేరు, హోదా'. అది ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్నంతకాలం విచారణ నడుస్తున్నట్టే లెక్క. విచారణ నడుస్తున్నంతకాలం, ఆ చక్రాన్ని తిప్పిన మనిషి మీద విచారణ ఉన్నట్టే లెక్క.

ఇరవయ్యో తారీకు సాయంత్రం అబ్బులు సుభానీ కొట్టు ముందు బల్ల మీద కూలబడ్డాడు. సుభానీ, అబ్బులు ఒకే ఈడువాళ్లు. అబ్బులు ఆ ఆఫీసులో చేరిన నెలలోనే సుభానీ కొట్టు పెట్టాడు. అప్పట్నించీ ఆ కారు చక్రాలకు అతని చెయ్యి తప్ప వేరే చెయ్యి పడలేదు.

"ఏరా, వాల్వు పిన్నే గదా?" అడిగాడు సుభానీ, ట్యూబుకి అతుకు వేస్తూ.

"ఇంకేటుంటది? ఆ పొద్దున్నే ఉమ్మి పెట్టి చూశాన్రా. బుడగ కట్టింది."

చక్రాలతో బతికేవాళ్లందరికీ తెలిసిన పరీక్ష అది. వేలికి కాస్త ఉమ్మి అద్ది వాల్వు మూతి మీద రాస్తారు. ఉమ్మి కదలకుండా ఉంటే వాల్వు మంచిదే. బుడగలా ఉబ్బితే లోపల పిన్ను పోయినట్టు. పిన్ను మార్చడానికి సుభానీకి ఒక బీడీ కాల్చేంత సేపు కూడా పట్టదు.

"మరి ఆ ముక్క చెప్పి తగలెయ్యరాదేట్రా?"

"చెప్తే నీకెలా తెలుసంటారు. సర్కారు వస్తువు మీద ఉమ్మేశానని చెప్పమంటావా? ఇంకో పది రోజులే ఉందిరా సుభానీ. ఈ పది రోజుల్లో ఆ కాయితం మూసెయ్యకపోతే నా పని అయిపోయినట్టే."

సుభానీ అతుకు మీద సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. "నువ్వు చెప్పకు. నీళ్ల చేత చెప్పించు. తొట్లో ముంచితే బుడగే చెప్తాది గదా, ఎక్కడో."

అబ్బులి ముఖం విప్పారింది. మర్నాడే భ్రమరాంబగారి చేత అర్జీ రాయించి పెట్టాడు. చక్రాన్ని నీళ్లలో ముంచాలన్న ప్రతిపాదన మూడు రోజులు పైకీ కిందికీ తిరిగి, "జల విచారణ"గా ఆమోదం పొందింది. ఆఫీసులో చక్రం పట్టే తొట్టి లేదు. కల్యాణమండపం నుంచి పులిహోర కలిపే గంగాళం తెప్పించారు. ఇరవైనాలుగో తారీకు పదకొండింటికి, పోర్టికోలో షామియానా కింద, నలభైఇద్దరు లబ్ధిదారుల సమక్షంలో సీళ్లు విప్పి, ఉన్న నాలుగు పాయింట్ల గాలితో చక్రాన్ని గంగాళంలో దించారు.

అందరూ వంగి చూస్తున్నారు. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. గాలి తక్కువ కదా, బుడగ రావడానికి సమయం పడుతుంది. కంట్రోలర్ గారు గడియారం చూసుకున్నారు. నిరంజనంగారు ఫారం మూయబోయారు. అబ్బులు ఆగలేకపోయాడు. ఆ కంగారులో ముందుకొచ్చి వేలు పెట్టి చూపించాడు.

"అక్కడండీ! అక్కడ చూడండి, వాల్వు మూతి దగ్గర. ఇప్పుడొత్తాది."

వచ్చింది. కందిగింజంత బుడగ వాల్వు మూతి మీద కట్టి, నీళ్లలోంచి పైకి తేలి, నిరంజనంగారి కళ్లముందు పగిలిపోయింది. దాని వెనకే ఇంకోటి. సిబ్బందిలో ఎవరో చప్పట్లు కొట్టబోయి, మిగతావాళ్లు కొట్టకపోయేసరికి మానుకున్నారు.

"బుడగను సాక్ష్యంగా స్వీకరించలేము," అన్నారు నిరంజనంగారు. "నిలవదు. ఫైలులో పెట్టుటకు వీలు లేదు. సరే, ఆ వాల్వు అనేది ఏమిటి?"

"చక్రంలో గాలి బయటికి పోకుండా కాసే పిన్నండి. అదే పోయిందండి. అంతేనండి, ఇంకేమీ లేదండి."

"అంటే కాపలా?"

"ఆయ్, కాపలాయేనండి."

"కాపలా ఉన్నదే లీకు చేసిందంటావు. కంచే చేను మేసిందంటావు."

"ఆయ్, మేసిందండి," అన్నాడు అబ్బులు, ఎట్టకేలకు ఒక మనిషికి అర్థమైందన్న ఆనందంతో.

తలలన్నీ కంట్రోలర్ గారి వైపు తిరిగాయి. ఆ ఆఫీసులో కాపలా బాధ్యత కంట్రోలర్ గారిది. స్ట్రాంగ్ రూము తాళాలు రెండు, రెండూ ఆయన మొలతాడుకే ఉంటాయి. పోయినేడు ఎనిమిది వందల పేజీలు రాసిన సంఘం ఎంతో చెమటోడ్చి ఏ మాట రాయకుండా తప్పించుకుందో, ఆ మాటను ఇతగాడు గంగాళం ముందు నిలబడి ఒక్క ముక్కలో తేల్చేశాడు. కంట్రోలర్ గారి ముఖం ముందు ఎర్రబడి, తరవాత తెల్లబడి, చివరికి మామూలు రంగులోకొచ్చింది.

"ఒక విషయము," అన్నారాయన. "బుడగ ఆవిర్భవించుటకు మునుపే నీవు స్థలమును వేలితో సూచించితివి. నీకు ముందే ఎట్లు తెలియును?"

అబ్బులు అబద్ధం ఆడదామనుకున్నాడు గానీ అలవాటు లేక సమయానికి ఒక్కటీ దొరకలేదు.

"ఉమ్మి... ఉమ్మి పెట్టి చూశానండి."

తరవాత జరిగింది వేరే చెప్పాలా? అతి గోప్యమైన సాక్ష్యాధారం మీద ఉమ్మి. లీకు స్థలం గురించి ముందస్తు సమాచారం. బయటివారి ప్రమేయం. కారకుని కాలమ్ నిండింది: పేరు అబ్బులు, తండ్రి పేరు కీర్తిశేషులు సూరయ్య, హోదా డ్రైవరు. సాయంత్రానికి మెమో చేతికిచ్చారు. అబ్బులు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లాడు. సత్యవేణి ఏమైందని అడిగితే, చొక్కా విప్పకుండా అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. తను చేసిన తప్పేమిటో తనకే తెలియని మనిషి ఏడుపు చూడలేం, అక్కడ మనకు పనిలేదు.

ఇంతలో రాజధానిలో కథ అడ్డం తిరిగింది. శాసనసభలో ఒక సభ్యుడు ఎప్పుడో అడిగిన ప్రశ్న ఒకటి ఉంది: "ఈ సంవత్సరం పరీక్షల శాఖలో లీకులేవైనా సంభవించినవా?" దానికి జవాబు "లేదండి" అని నెల కిందటే అచ్చయి కూర్చుంది. ఇరవయ్యెనిమిదో తారీకున ఆ జవాబు సభలో చదివేశారు. సభలో లేదన్నాక అది భూమ్మీద ఉండటానికి వీల్లేదు. ఆ మధ్యాహ్నమే కంట్రోలర్ గారికి ఫోను వచ్చింది. ఫోనులో ఏమన్నారో తెలియదు గానీ, ఆయన లేచి నిలబడి పదిహేడుసార్లు "చిత్తం" అన్నారు.

లీకు లేదు కనుక విచారణ లేదు, విచారణ లేదు కనుక నిరంజనంగారు రాలేదు. రానివారు సాయంత్రం రైలుకి వెళ్లిపోయారు. వాయిదా పడ్డ పరీక్షల సంగతేమిటని ఎవరో అడిగితే, గాలి వల్లనే కదా వాయిదా పడ్డాయని "వాతావరణ కారణాలచే" అని రాసేశారు.

ఇరవైతొమ్మిదో తారీకు పొద్దున్నే అబ్బులిని పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి.

"సంతకము చేయుము," అన్నారు కంట్రోలర్ గారు, మొదటిది ముందుకు జరిపి.

అందులో ఇలా ఉంది: "కార్యాలయపు కారు వెనుక ఎడమ చక్రమునకు ఎట్టి లీకూ లేదనియు, ఎన్నడూ లేదనియు, గాలి సంపూర్ణముగా ఉన్నదనియు నా పంతొమ్మిదేండ్ల అనుభవముతో ధ్రువీకరించుచున్నాను."

"చెయ్యకపోతేనండి?"

"లేని లీకును ఉన్నదని ఇరవైమంది ఎదుట ముమ్మారు పలికినట్లగును. వదంతుల వ్యాప్తి. కాంట్రాక్టు రద్దు. చేసిన యెడల, నీపై విచారణ ఎన్నడూ లేదు గనుక, నీ పేరు జాబితాలో చేరును." రెండో కాగితం జాబితా.

అబ్బులు కాగితం పట్టుకుని బల్ల పక్కన నిలబడ్డ భ్రమరాంబగారి వైపు చూశాడు. ఆవిడ లోగొంతుతో అన్నారు, "పెట్టెయ్యి అబ్బులూ. మొదటిసారే కష్టం. మేమందరం అలా మొదలెట్టినవాళ్లమే."

అతన్ని పట్టుకున్నది 'అనుభవముతో' అన్న మాట. పంతొమ్మిదేళ్లలో అతను సంపాదించుకున్నది అదొక్కటే. చేతి వేళ్లతో, చెవులతో, కాలి మడమతో నేర్చుకున్నది. దాని చేతనే అబద్ధం చెప్పిస్తున్నారు. సిగ్గేసింది. నాలుగిళ్ల అవతల వినబడేలా పర్మినెంటు, పర్మినెంటు అని మురిసిపోతున్న సత్యవేణి గుర్తొచ్చింది. సంతకం పెట్టాడు. అక్షరం వంకర పోయింది గానీ చెల్లుతుందన్నారు.

ముప్పయ్యో తారీకున జాబితా వెళ్లింది. ఈసారి దారిలో పోలేదు, రెండు రోజుల్లో ఉత్తర్వు నకలు కూడా వచ్చింది. ఆ రోజే ఇంకో శుభవార్త. రాష్ట్రంలో ఒక్క లీకూ లేని ప్రాంతంగా ఆ కార్యాలయాన్ని ఎంపిక చేశారు. ఆరు కిలోమీటర్ల దూరంలోని ఆడిటోరియంలో మర్నాడే సన్మానం.

మర్నాడు తొమ్మిదింటికి కంట్రోలర్ గారు పట్టుపంచెతో పోర్టికోలోకి వచ్చి, కారు వెనక చక్రం వైపు చూసి ఆగిపోయారు.

"అది స్టెపినీ."

"ఆయ్, స్టెపినీయేనండి."

"అసలు చక్రమునకు లోపము లేదని ధ్రువీకరించబడినది. స్టెపినీతో వెళ్లిన యెడల ఉన్నదని ఒప్పుకొన్నట్లే. అసలు చక్రము బిగించుము."

"అయ్యగారండీ, దాంట్లో చుక్క గాలి లేదండి. పోనీ బిగించి, సుభానీ చేత గాలి కొట్టించేత్తానండి."

"సంపూర్ణముగా ఉన్న గాలిపై మరల గాలి కొట్టుట ప్రజాధన దుర్వినియోగము. నీ సంతకము నీకు జ్ఞాపకమున్నదా?"

జ్ఞాపకముంది. అబ్బులు జాకీ పెట్టి, మంచి చక్రం విప్పి, చచ్చిన చక్రం బిగించాడు. జాకీ దించగానే కారు ఎడం పక్కకి కుంగింది. కంట్రోలర్ గారు వెనక సీట్లో ఆ పక్కకే ఒరిగి, దర్జాగా కూర్చున్నారు.

కాలవ గట్టు దాటి మెయిన్ రోడ్డెక్కేసరికి టైరు రిమ్ము కింద నలిగి టపటపా కొట్టుకోవడం మొదలైంది. ప్రతి చప్పుడూ అబ్బులికి వెన్నులో తగులుతోంది. ఇన్నేళ్లలో ఏ బండినీ రిమ్ము మీద నడపలేదతను. నడిపినవాళ్లను చూసి ఛీ కొట్టాడు కూడా. పక్కనుంచి ఆటోవాడు అరిచాడు, "గాలి లేదండోయ్!" పళ్లబండి ముసలమ్మ చెయ్యూపింది. బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చి ఎడం చక్రం వైపు వేళ్లు చూపిస్తున్నాయి. కంట్రోలర్ గారు తనకోసమే అనుకుని అందరికీ నమస్కారం పెడుతున్నారు.

సుభానీ కొట్టు వచ్చింది. చప్పుడు దూరంనుంచే విని, అతను చేతిలో గాలి గొట్టంతో రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చాడు. కారుకి అడ్డం పడినంత పని చేశాడు.

"ఒరేయ్ అబ్బులూ! ఆపరా! టైరు కోసుకుపోతంది, రిమ్ము పోద్ది! ఒక్క నిమిషం ఆపు, పిన్ను మార్చేత్తాను!"

అబ్బులి కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. కారు నెమ్మదించింది. కొత్త పిన్ను సుభానీ రెండు వేళ్ల మధ్య మెరుస్తోంది. అద్దంలో కంట్రోలర్ గారి కళ్లు. చొక్కా జేబులో ఉత్తర్వు నకలు, గుండె కొట్టుకున్నప్పుడల్లా గరగరలాడుతోంది. అబ్బులు కిటికీ అద్దం పూర్తిగా దించాడు. ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే ఎవరి గొంతో.

"అటువంటి సమాచారం ఏదీ మా దృష్టికి రాలేదండి."

సుభానీ గాలి గొట్టం పట్టుకుని రోడ్డు మధ్యలో అలాగే నిలబడిపోయాడు. కారు టపటపమంటూ ముందుకు సాగింది. మలుపు తిరిగాక గానీ అబ్బులికి తెలియలేదు, పంతొమ్మిదేళ్లలో ఏనాడూ లేనిది తను సుభానీని "అండి" అన్నానని.